ఓరుగల్లు పోయింది ఎదుటివాడి తెలివికా, ప్రతాపరుద్రుడి చేతకానితనానికా?

"మాలిక్ కాఫర్, ఉలుఘ్ ఖాన్ నిజంగా అంత గొప్ప సేనానులా, లేక ప్రతాపరుద్రుడే చేతకాక ఓరుగల్లును పోగొట్టుకున్నాడా?" అని మీరు అడిగారు. మొదటి ఇద్దరూ ఢిల్లీ నుంచి దండెత్తి వచ్చినవాళ్ళు, ప్రతాపరుద్రుడు ఓరుగల్లును, అంటే ఇప్పటి వరంగల్‌ను, ఏలిన చివరి కాకతీయ రాజు. ఈ గొడవ మాకు కొత్త కాదు. హన్మకొండలో మేం సాయంత్రం కూర్చునే చాయ్ హోటల్లో ఇది పదేళ్ళుగా నడుస్తోంది. రిటైరైన చరిత్ర లెక్చరర్ సారు ఒకరు, మిలిటరీ సిగ్నల్స్‌లో పనిచేసి సుబేదార్‌గా వచ్చేసిన మా బావ ఒకరు, నేనొకణ్ణి. అప్పుడప్పుడు పక్క మందుల షాపు తమ్ముడు వచ్చి నెపోలియన్‌ను మధ్యలోకి లాగి, గొడవ పెట్టి, గిరాకీ వచ్చిందని వెళ్ళిపోతాడు.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాదని ముందే చెప్తున్నా. నా పని వడ్ల రవాణా. కొనుగోలు సెంటర్ల నుంచి రైస్ మిల్లులకు లారీలు పంపే కాంట్రాక్టర్ దగ్గర సూపర్‌వైజర్‌గా పదహారు సీజన్లు చేశాను. అందుకే సేనాని అనగానే గుర్రం, కత్తి నాకు తర్వాత కనిపిస్తాయి. వాడి వెనకాల ఎన్ని బస్తాలు వస్తున్నాయి, ఎవరు మోస్తున్నారు, కబురు ఎలా అందుతోంది, ముందు ఇదే చూస్తాను.

మొదట్లో ఇలా లేను. కాలేజీ రోజుల్లో నాకు రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన జర్మన్ సేనాని రోమెల్ అంటే పిచ్చి. ఎడారి నక్క అనే పేరే ఎంత బాగుందో! తక్కువ ట్యాంకులతో బ్రిటిష్ వాళ్ళను ఈ మూల నుంచి ఆ మూలకు పరిగెత్తించాడని కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళం. లారీల పనిలో పడ్డాక అదే కథ ఇంకోలా కనిపించింది. లిబియాలోని ట్రిపోలీ రేవు నుంచి ఈజిప్టులోని అలమీన్ దాకా 2,000 కిలోమీటర్ల పైమాట. దగ్గరి రేవులు చేతికొచ్చినా సరుకు చాలలేదు. లారీలు మోసే పెట్రోల్‌లో పెద్ద భాగం ఆ లారీలే తాగేవి. 1942 అక్టోబర్, నవంబర్లలో అలమీన్ దగ్గర బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ చేతిలో ఓడినప్పుడు రోమెల్ తెలివి ఎక్కడికీ పోలేదు, ట్యాంకుల్లో పెట్రోల్ పోయింది. అయితే అది దురదృష్టమా, తప్పా అంటే నేను తప్పే అంటాను. డీజిల్ లెక్క చూసుకోకుండా ములుగు అవతలికి పది లారీలు తోలిన సూపర్‌వైజర్‌ను ఎవరైనా మెచ్చుకుంటారా?

ఇక మన ఓరుగల్లు సంగతి. చాలామంది ఢిల్లీ సైన్యం ఒకసారి వచ్చింది, కోట పడిపోయింది అన్నట్టు మాట్లాడతారు. ఇరవై ఏళ్ళలో ఐదుసార్లు వచ్చారు. 1303లో మొదటిసారి బెంగాల్ వైపు నుంచి చుట్టూ తిరిగొచ్చి దెబ్బతిని పోయారు. ఉప్పరపల్లి దగ్గర మనవాళ్ళు కొట్టి తరిమారని వెలుగోటివారి వంశావళి చెప్తుంది. ఉప్పరపల్లి కరీంనగర్ వైపుది. ఢిల్లీ వైపు నుంచి రాసిన చరిత్రకారుడు బరనీ మాత్రం వానలను తిడతాడు. రెండూ నిజమయ్యే ఉంటాయి. జూలైలో మన నల్లరేగడిలో లారీ దిగబడితే ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి, ఎడ్లబండ్లతో వచ్చిన సైన్యం మీద నాకు కొంచెం జాలి కూడా ఉంది.

రెండోసారి వచ్చినవాడు మాలిక్ కాఫర్. గుజరాత్‌లోని ఖంబాయత్‌లో బానిసగా దొరికినవాడు, 1309 చివర్లో ఢిల్లీ నుంచి బయల్దేరి జనవరికల్లా ఇక్కడున్నాడు. నెలలు చూడండి. వానలు పోయాయి, పంట ఇళ్ళకొచ్చింది, వాగులు దాటొచ్చు. రాగానే కోట మీద పడలేదు. ముందు హన్మకొండ గుట్ట మీదికి వెయ్యి మందిని పంపాడు. అక్కడి నుంచి ఓరుగల్లు తోటలన్నీ కనిపిస్తాయని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. మేం పద్మాక్షి గుట్ట ఎక్కినప్పుడల్లా సారు ఈ మాట గుర్తుచేస్తారు. ఇప్పుడు తోటల్లేవు, అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. ఆ తర్వాత చెట్లు కొట్టించి తన దండు చుట్టూ కట్టెలతో కంచె కట్టించాడు. మనవాళ్ళు రాత్రిపూట గుర్రాలతో వచ్చి పడితే ఆ కంచె వల్లే బతికిపోయారు.

మట్టికోట గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఖిలా వరంగల్ చూడ్డానికి వచ్చినవాళ్ళు తోరణాల దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. అసలు సరుకు బయట ఉంది. రాతికోటకు 45 బురుజులు, దాని చుట్టూ అగడ్త, ఆ బయట పొలాలు, వాటిని చుట్టి మట్టికోట. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఇప్పుడు చూస్తే గడ్డి మొలిచిన పొడవాటి దిబ్బ, మీద గొర్లు మేస్తుంటాయి. కానీ ఖుస్రో దాని గురించి ఆశ్చర్యపోతూ రాశాడు. ఇనుప ఈటె దిగదంట, మంజనీకంతో రాయి విసిరితే పిల్లలాడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందంట. రాయి గోడ పగులుతుంది. మట్టి దెబ్బను మింగేస్తుంది. కట్టించినవాళ్ళు ఆషామాషీ మనుషులు కారు.

ఆ మట్టికోటను దాటడానికే కాఫర్‌కు ఫిబ్రవరి సగం గడిచింది. రాతికోట దగ్గరికొచ్చేసరికి ప్రతాపరుద్రుడు సంధి కబురు పంపాడు, కాఫర్ ఒప్పుకున్నాడు. ఏనుగులు, గుర్రాలు, బంగారం తీసుకుని మార్చిలో వెనుదిరిగాడు. ధనం వెయ్యి ఒంటెల మీద పోయిందని ఖుస్రో మాట. ఇక్కడే మందుల షాపు తమ్ముడు "మరి కోట పట్టలేదుగా, ఇంకేం గొప్ప?" అంటాడు. నా లెక్కలో ఇదే కాఫర్ గొప్పతనం. రాజు సొమ్ము ఇస్తానంటే తీసుకుని వచ్చెయ్, మరీ బిగించకు అని ఢిల్లీ సుల్తాన్ అల్లాఉద్దీన్ ఖిల్జీ ముందే చెప్పి పంపాడట. చెప్పిన పని చేసుకుని, ఎండలు ముదరకముందే దారిపట్టాడు. ఆ సమయంలో అతని పరిస్థితి కూడా అంత బాగా లేదు. దారిలో తపాలా చౌకీలు కొన్ని పోయాయి, 40 రోజులకు పైగా ఢిల్లీకి కబురే లేదు. అల్లాఉద్దీన్ అంతటివాడు టెన్షన్ పడి సూఫీ గురువు నిజాముద్దీన్ ఔలియా దగ్గరికి మనుషుల్ని పంపాడని బరనీ రాశాడు.

ఈ 40 రోజుల మాట దగ్గర బావ బల్ల మీద చెయ్యి కొడతాడు. "బస్తాలు కాదురా బామ్మర్దీ, కబురు! కబురు ఆగితే సైన్యం ఆగినట్టే" అంటాడు. సిగ్నల్స్ మనిషి కదా, అలాగే అంటాడు. ఏళ్ళ తరబడి నేను ఒప్పుకోలేదు. ఒప్పించింది 1321 కథ, నా సొంత తెలివితక్కువ పని ఒకటి.

1321లో వచ్చినవాడు ఉలుఘ్ ఖాన్, ఢిల్లీ సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ కొడుకు. నెలల తరబడి కోటను చుట్టుముట్టి కూర్చున్నాడు. లోపల ఇబ్బంది మొదలైంది, కోట ఇవాళో రేపో అన్నట్టుంది. అప్పుడు ఢిల్లీ నుంచి తపాలా ఆగిపోయింది. వారానికి రెండు మూడుసార్లు వచ్చే ఉత్తరాలు నెల రోజులు రాలేదు. సుల్తాన్ చనిపోయాడంట అని ఒక పుకారు లేచింది. ఉబైద్ అనే కవి, ఇంకొకడు కలిసి అమీర్ల, అంటే సైన్యంలోని సర్దార్ల, దగ్గరికెళ్ళి, షాహజాదా మిమ్మల్ని చంపబోతున్నాడని చెప్పారు. ఎవరి దండు వాళ్ళు ఎత్తేసి పోయారు. లోపలివాళ్ళు బయటికొచ్చి తరిమారు. ఉలుఘ్ ఖాన్ ప్రాణాలు దక్కించుకుని దేవగిరి చేరాడు. ఒక్క పెద్ద యుద్ధం లేకుండా, ఒక మాటతో అంత సైన్యం చెదిరిపోయింది.

ఇందులో తమాషా ఏమిటంటే ఉబైద్ ఆ పుకారు ఎందుకు పుట్టించాడో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. బరనీ లెక్కలో అది కుట్ర. ఇంకో చరిత్రకారుడు ఇసామీ ఏమంటాడంటే, కోట ఫలానా రోజు పడుతుందని ఉబైద్ జోస్యం చెప్పాడు, ఆ రోజు దగ్గరపడేసరికి తల పోతుందని భయపడి పుకారు లేపాడు. మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా అయితే, ఉలుఘ్ ఖానే సింహాసనం మీద ఆశతో ఉబైద్ చేత చెప్పించాడంటాడు. సారు ఈ మూడూ చెప్పి, చాయ్ తాగుతూ మా మొహాలు చూస్తారు. నాకు జోస్యుడి కథే ఇష్టం. మా ఫీల్డ్‌లో "రేపు పొద్దున పదింటికల్లా లారీ వచ్చేస్తుంది" అని రైతుకు మాటిచ్చి, పదకొండింటికి ఫోన్ ఎత్తనివాళ్ళు చాలామందే ఉన్నారు.

నేనూ వాళ్ళలో ఒకణ్ణే, చెప్పుకోవాలి. ఒక యాసంగి సీజన్, మే నెల. నా కింద ఆరు సెంటర్లు. నర్సంపేట వైపు దగ్గరి బంధువుల పెళ్ళి ఉంటే వెళ్ళాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది, సాయంత్రం చూసుకుందాంలే అనుకున్నా. మధ్యాహ్నం ఒక మిల్లు దగ్గర కాంటా చెడిపోయి అన్‌లోడింగ్ ఆగింది. అంతే జరిగింది. కానీ నేను దొరక్కపోయేసరికి, ఒక డ్రైవర్ ఇంకో డ్రైవర్‌కు "మిల్లులు వడ్లు దించుకోవట్లేదంట" అన్నాడు. ఆ మాట వాట్సాప్‌లో తిరిగింది. మబ్బు పట్టింది. ఒక సెంటర్లో హమాలీలు ఇక్కడ కూలి గిట్టదని పక్క మండలానికి ఆటో ఎక్కారు. ఇద్దరు డ్రైవర్లు ఖాళీ లారీలతో ఇంటిదారి పట్టారు. రైతుల్లో నలుగురు, వాన పడితే తేమ 17 శాతం దాటుతుంది, మళ్ళీ ఎండబోయాలని భయపడి, అక్కడికక్కడే దళారికి తక్కువకు అమ్మేసుకున్నారు. రాత్రి ఏడింటికి నేను వెళ్ళేసరికి పరదాలు కప్పిన కుప్పలు, ఒక కుక్క, సెంటర్ నడిపే అక్క మాత్రం ఉన్నారు. "ఏడికి పోయినవన్నా? పొద్దటి సంది ఫోన్ జేస్తున్న" అంది. ఆ రాత్రి వాన పడలేదు, అది నా అదృష్టం. అమ్ముకున్న నలుగురికి మాత్రం నష్టం నష్టమే. అందులో ఒకాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు.

ఆ తర్వాత బావతో వాదించడం తగ్గించాను.

ఇప్పుడు మీ ప్రశ్నకు అసలు జవాబు. అదే ఉలుఘ్ ఖాన్, అదే కోట. దేవగిరిలో సైన్యాన్ని మళ్ళీ కూడగట్టుకుని కొద్ది నెలలకే తిరిగొచ్చాడు. ఈసారి నేరుగా ఓరుగల్లుకు రాలేదు. దారిలో బీదర్, బోధన్ పట్టుకున్నాడు. బోధన్ అంటే మన నిజామాబాద్ బోధనే. చెరుకు ఫ్యాక్టరీ ఊరుగా మనకు తెలిసిన ఆ ఊరు 1323లో ఓరుగల్లు తాళంచెవి. దారి పొడుగునా తన మనుషుల్ని నిలబెట్టాడు, కబురూ దాణా ఆగకుండా చూసుకున్నాడు. ఆ తర్వాతే కోట ముందు కూర్చున్నాడు. ఐదు నెలలు కూర్చున్నాడు. కోట పడింది. మొదటిసారి లేనిదీ రెండోసారి ఉన్నదీ ధైర్యం కాదు, సైన్యం సంఖ్యా కాదు. వెనకాల దారి. ఓడిన చోటుకు మళ్ళీ వచ్చి, ఓడటానికి కారణమైన ఆ ఒక్క బొక్కను పూడ్చినవాణ్ణి నేను సేనాని అంటాను. నా మార్కులు కాఫర్ కంటే ఇతనికే ఎక్కువ.

ఇక్కడ చాలామంది ఉలిక్కిపడే సంగతి ఒకటుంది. ఈ ఉలుఘ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్. మనం టీవీ ముందు కూర్చుని ఏ ప్రభుత్వాన్నైనా "తుగ్లక్ పాలన" అని తిడతామే, ఆ తుగ్లకే. రాజధానిని దౌలతాబాద్‌కు మార్చడం, రాగి నాణేల గొడవ వల్ల అతనికి ఆ పేరు వచ్చింది, న్యాయమే. అయితే ఐదు నెలలు ఓపిగ్గా కోట ముందు కూర్చున్నవాడూ అతనే. పేరు ఒక్కటే మిగులుతుంది, మనిషిలో మాత్రం ఇద్దరు ముగ్గురు ఉంటారు. కాఫర్ పేరు సంగతీ అంతే. ఖుస్రో పొగిడాడు, బరనీ అసహ్యించుకున్నాడు. 1316లో అల్లాఉద్దీన్ పోయిన కొద్ది రోజులకే కాఫర్‌ను చంపేశారు, తన కథ తాను చెప్పించుకునే వీలు లేకుండా పోయింది.

మరి ప్రతాపరుద్రుడు? చేతకానివాడు అనే మాటను నేను ఒప్పుకోను. 1316లో ఆయన సేనాని ముప్పిడి నాయకుడు కంచిదాకా వెళ్ళి గెలిచాడు. ఢిల్లీకి కప్పం కడుతూనే దక్షిణాన రాజ్యం చూసుకున్నాడు. అందుకని తప్పు చేయలేదని కాదు. ఉలుఘ్ ఖాన్ మొదటిసారి పారిపోగానే యుద్ధం అయిపోయిందనుకున్నాడు. విందు చేశాడు, కోటలో దాచిన ధాన్యం గాదెలు తెరిచి జనానికి వదిలాడు అంటారు. ఆ వాక్యం సారు మొదటిసారి చెప్పినప్పుడు నా చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. ముట్టడి అంటేనే ఎవరి బియ్యం ముందు అయిపోతుందన్న పందెం. కొద్ది నెలల్లో శత్రువు మళ్ళీ వచ్చాడు, గాదెలు ఖాళీ. అంత గొప్ప మట్టికోట, 45 బురుజులు, లోపల ఆకలి. పట్టుబడి ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెప్తుంది.

మా వాదనలో ఎప్పుడూ బయటికొచ్చే ఇంకో పేరు సర్వాయి పాపన్న. జనగామ దగ్గర షాపురం కోట ఆయనదే. 1708లో ముహర్రం సమయం చూసి వరంగల్ మీద పడ్డాడు, ముందుగా దారులు కట్టేయించాడు. కబురు బయటికి పోనివ్వలేదన్నమాట. ఇది వినగానే బావ మొహం వెలిగిపోతుంది. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్లో ఆయన బందిపోటు. శారదకాండ్ర పాటల్లో, మా నాయనమ్మ నోట్లో ఆయన గీతకార్మికుల వీరుడు. ఏది నిజమని నన్ను అడగకండి, మా ఇంట్లో ఖాఫీ ఖాన్ పక్షం ఎవరూ లేరు.

బావకు ఇష్టమైన సేనాని మాణెక్‌షా, బంగ్లాదేశ్ యుద్ధంలో మన ఆర్మీ చీఫ్. 1971 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ఇప్పుడే పొమ్మంటే, వానలొస్తున్నాయి, తయారీకి టైమ్ కావాలి అన్నాడు. డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ముగిసింది, పాకిస్తాన్ వాళ్ళు 93,000 మంది లొంగిపోయారు. ఢాకా గెలిచిన పేరు మాణెక్‌షాకు రావాలా, తూర్పు కమాండ్‌లో పనిచేసిన జేకబ్‌కా, మేఘనా నది మీద హెలికాప్టర్లతో సైన్యాన్ని దించిన సగత్ సింగ్‌కా అని సైన్యంలో పనిచేసినవాళ్ళే తేల్చుకోలేదు. బావ సగత్ సింగ్ పేరు వచ్చినప్పుడు లేచి నిలబడతాడు, ఓటు మాత్రం మాణెక్‌షాకే వేస్తాడు. ఎందుకంటే, పైవాళ్ళకు "ఇప్పుడు కాదు" అని చెప్పడం నది దాటడం కంటే కష్టం, అది చేసినవాళ్ళను తన సర్వీసులో ఇద్దరినే చూశానంటాడు.

ఇక సారు నాతో ఇప్పటికీ ఏకీభవించరు. నేను గాదెల కథ మీద ఇంత నమ్మకం పెట్టుకున్నాను కదా, ఆ రోజుల సంగతులు చెప్పిన ఇసామీ అది జరిగిన దాదాపు ముప్పై ఏళ్ళకు, 1350లో, బహమనీ సుల్తాన్ కోసం రాశాడు. తుగ్లక్ అంటే అతనికి పీకల్దాకా కోపం, రాజధాని మార్పిడిలో దౌలతాబాద్ దారిలో తాతను పోగొట్టుకున్నాడు. "కోపమున్నోడు తుగ్లక్ గెలుపును తగ్గించడానికి, లోపల బియ్యం లేకనే కోట పడిందని రాయొచ్చు గదా?" అంటారు సారు. అది నిజమైతే ఐదు నెలలు లోపలివాళ్ళు ఏం తిన్నారో చెప్పండి సార్, అంటాను నేను. కోటలో ఎంతమంది, రోజుకు మనిషికి ఎన్ని సోలలు, ఎన్ని బస్తాలు కావాలి అని లెక్క వేసిన కాగితం హోటల్ కౌంటర్ దగ్గరే ఉంది. నిన్న సారు దాని వెనకాల ఏనుగుల దాణా మర్చిపోయావని రాసి పోయారు.